మోగ్లీ వాళ్ళమ్మ కువైట్ పోయింది

1993లో ఒక ఆదివారం పొద్దున. రాజంపేటలో మా ఎదురింటి హాల్లో చాప మీద కూర్చుని "ఈ పిల్లోడికి అమ్మ లేదా?" అని అడిగాను. మస్తాన్ టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా "కువైట్ పోయింది" అన్నాడు.

నమ్మేశాను. నమ్మకపోవడానికి కారణం కూడా లేదు. మా వీధిలో కనపడని అమ్మలందరూ అక్కడే ఉన్నారు. మా అమ్మ ఉంది. మూలింటి సుబ్బమ్మత్త ఉంది. మస్తాన్ వాళ్ళ ఖాలా ఉంది. కనపడని నాన్నలైతే సౌదీలో, మస్కట్‌లో ఎంతమందో. అలాంటప్పుడు అడవిలో తోడేళ్ళతో తిరిగే పిల్లోడి అమ్మ మాత్రం ఇంకెక్కడికి పోతుంది? ఇల్లు కట్టడానికో, అప్పు తీర్చడానికో పోయుంటుంది. వచ్చేటప్పుడు వాడికి ఒక చొక్కా అయినా తెస్తుంది. పాపం, ఎప్పుడు చూసినా చడ్డీ ఒక్కటే కదా.

దూరదర్శన్‌లో ఆ మోగ్లీ హిందీ మాట్లాడేవాడు. అది 1989లో జపాన్‌లో నిప్పాన్ యానిమేషన్ వాళ్ళు 52 భాగాలుగా తీసిన బొమ్మల కథ అని, మేం గొంతెత్తి పాడుకున్న పాట గుల్జార్ రాస్తే విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడని, షేర్ ఖాన్ పులి గొంతు నానా పాటేకర్‌దని, ఇవన్నీ పెద్దయ్యాక తెలిసిన సంగతులు. అప్పటికి మాకు తెలిసిందల్లా మస్తాన్ చెప్పిందే. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి వాడికి హిందీ మొత్తం వచ్చేస్తుందని మా నమ్మకం. టీవీ కూడా వాళ్ళదే, వాళ్ళ నాన్న సౌదీ నుంచి పంపిన డబ్బుతో కొన్నది. టీవీ వాడిది, భాష వాడిది అయ్యాక కథ కూడా వాడు చెప్పినట్టే నడవాలి. బల్లూ ఎలుగుబంటి రెండు నిమిషాలు ఏదో నీతి చెప్తే, "అన్నం తిన్యావా అంటాండాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. బఘీరా చిరుతపులి కోప్పడితే "పలక తీసుకోని రమ్మంటాండాడు". ఇప్పుడు ఆలోచిస్తే వాడికి సగం కూడా అర్థమయ్యేది కాదనుకుంటా. కానీ ఆ కువైట్ మాట మాత్రం వాడు తెలియక అన్నాడో, నా మొహం చూసి అన్నాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

మా అమ్మ 1992లో పోయింది. నాకు ఏడేళ్ళు, తమ్ముడికి రెండు నిండలేదు. అంతకు రెండేళ్ళ ముందే, 1990 ఆగస్టులో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు మా వైపు వాళ్ళు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. అమ్మాన్ దాకా బస్సుల్లో పోయి అక్కడ విమానం ఎక్కిన కథలు రచ్చబండ మీద ఏడాది పాటు నడిచాయి. ఆ కథలు చెప్పినవాళ్ళే, యుద్ధం అయిపోయి వీసాలు తెరుచుకోగానే మళ్ళీ పెట్టెలు సర్దుకున్నారు. ఈసారి వాళ్ళతోపాటు మా అమ్మ. మా నాన్న మంగంపేట ముగ్గురాయి గనుల నుంచి మద్రాసు రేవుకి లారీ తోలేవాడు. సొంత లారీ అయితే బాగుంటుందని ఫైనాన్స్‌లో కొన్నాడు, కిస్తీలు కట్టలేకపోయాడు, లారీ పోయింది, అప్పు మిగిలింది. ఇంటిపని వీసా ఎక్కువగా దొరికేది ఆడవాళ్ళకే. అంతే, ఇందులో పెద్ద కథేం లేదు.

ఆ రోజు నేను నిద్ర లేచేసరికి అమ్మ లేదు. తిరుపతి పోయింది, రెండ్రోజుల్లో వస్తుంది అని జేజి చెప్పింది. రెండ్రోజులు గుండు ప్రసాదం కోసం, ఆ తర్వాత మామూలుగా ఎదురుచూశాను. గుండు ప్రసాదం అంటే లడ్డూ. తమ్ముడు అలా అనేవాడు.

అమ్మ లేకపోవడం మొదట తెలిసింది నా తల మీద. జేజి వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర్లు పోయాయి, జడ బిగించి అల్లలేదు. వారం రోజులు చూసి, మంగలాయన్ను ఇంటికే పిలిపించి క్రాపు కొట్టించింది. బళ్ళో అందరూ మొగపిల్లోడని ఏడిపించారు. అందుకేనేమో ఆ బొమ్మల్లో నా కళ్ళు మోగ్లీ జుట్టు మీదే ఉండేవి. భుజాల దాకా ఉంది, దువ్వేవాళ్ళు లేరు, అయినా వాడికి క్రాపు కొట్టించాలని ఏ తోడేలుకీ తోచలేదు. అది నాకు చాలా నచ్చింది.

పిల్లలందరికీ వాడంటే కుళ్ళు. చదువు లేదు, స్నానం లేదు, మధ్యాహ్నం పడుకోమనేవాళ్ళు లేరు. మా ఊరికి అటు శేషాచలం కొండలు, ఎర్రచందనం అడవి. ఇటు చెయ్యేరు. అడవి లేని ఊళ్ళో పుడితే ఒక సర్దుబాటు ఉండేది. కనపడేంత దూరంలో అడవి పెట్టుకుని చాప మీద కూర్చుని చూడటం కష్టం. ఒక శనివారం నేను, మస్తాన్, ఇంకో ఇద్దరం జేబుల్లో బొరుగులు పోసుకుని బయల్దేరాం. చెయ్యేరు ఇసుకలో నడుస్తూ నడుస్తూ కాళ్ళు కాలాయి. బొరుగులు సగం దారిలోనే అయిపోయాయి. అప్పటికి ఇంకా కొండ ఎక్కడుందో అక్కడే ఉంది. పన్నెండు దాటకముందే జేజి పంపిన మనిషి సైకిలు మీద వచ్చి నలుగుర్నీ తోలుకొచ్చాడు. ఒకర్ని ముందు కడ్డీ మీద, ఒకర్ని వెనక కూర్చోబెట్టుకుని, మిగిలిన ఇద్దర్ని పక్కన పరిగెత్తించాడు.

ఆ సాయంత్రం అరుగు మీద మస్తాన్ చాలాసేపు ఆలోచించి అన్నాడు: "మీ జేజి ఉన్నంతవరకు మనం అడివికి పోలేము మే."

బొమ్మల కథల్లో అమ్మానాన్నలు ఎందుకుండరు అనే ప్రశ్నకు తర్వాత్తర్వాత నేను చాలా జవాబులు చదివాను. తొమ్మిదేళ్ళ మస్తాన్ చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. పన్నెండు దాటేలోపు మనిషిని పంపే పెద్దదిక్కు ఒక్కటి ఇంట్లో ఉన్నా సాహసం చెయ్యేరు ఇసుక దాటదు. కథ చెప్పేవాడి చేతిలో ఉండేది గంటన్నర. ఆ గంటన్నరలో పిల్లాడు పెద్దవాడైపోవాలి. తల్లిని ఒప్పించి, తండ్రికి నచ్చజెప్పి, అన్నం తిని బయల్దేరాలంటే ముప్పావు గంట అక్కడే పోతుంది. అందుకని మొదటి పది నిమిషాల్లో ఒక తుపాను, ఒక వేటగాడి తుపాకీ, ఒక పెద్ద చేప. పని అయిపోతుంది.

మా పాపకు ఆరేళ్ళప్పుడు, మంచు రాకుమారి అక్కాచెల్లెళ్ళ సినిమాలో అమ్మానాన్నలున్న ఓడ మునిగిపోగానే, నావైపు తిరిగి "ప్రతి దాంట్లో ఇంతేనా?" అంది. ఇంతే. 1942లో వచ్చిన జింకపిల్ల సినిమాలో తల్లిని వేటగాళ్ళు కాల్చేస్తారు. 1994 సింహం కథలో తండ్రిని బాబాయే చంపేస్తాడు. 2003 చేపపిల్ల కథలో మొదటి ఐదు నిమిషాల్లోనే తల్లీ, నాలుగొందల గుడ్లూ పోతాయి. ఆ ఐదు నిమిషాలు రిమోట్‌తో ముందుకు జరిపిన తల్లుల్లో నేనూ ఉన్నాను. దాంతో మా పాప చాలాకాలం ఆ చేపపిల్ల నీమోకి అసలు తల్లే లేదనుకుంది. అడిగితే "ఆఫీసుకి పోయుంటుంది" అని తనే జవాబు చెప్పుకుంది. నేను ఆ సంవత్సరం ఇంటికి రాత్రి ఎనిమిదికి వచ్చేదాన్ని.

వాల్ట్ డిస్నీ సొంత జీవితంలోంచి ఒక కారణం చెప్తుంటారు. మొదటి పెద్ద సినిమా స్నో వైట్ డబ్బు తెచ్చాక అన్నదమ్ములిద్దరూ కలిసి అమ్మానాన్నలకు లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు కొనిపెట్టారు. 1938 నవంబరులో ఆ ఇంట్లో గది వెచ్చబెట్టే కొలిమి నుంచి విషవాయువు లీకై తల్లి ఫ్లోరా చనిపోయింది. కొడుకు కొనిచ్చిన ఇల్లే తల్లిని తీసుకుపోయింది. వింటే కడుపులో తిప్పుతుంది. కానీ ఆ దుఃఖంతోనే ఆయన సినిమాల్లో తల్లులు చచ్చిపోయారంటే నాకు పూర్తిగా ఒప్పదు. స్నో వైట్ వచ్చింది 1937 డిసెంబరులో. అప్పటికి ఫ్లోరా బతికే ఉంది, సినిమాలో తల్లి లేదు. జింకపిల్ల తల్లి కూడా సినిమాకంటే చాలా ముందు, 1923 నాటి జర్మన్ నవలలోనే చచ్చిపోయింది. ఆయన తల్లుల్ని చంపలేదు, తల్లులు లేని కథల్నే తెచ్చుకున్నాడు. ఆ పాత కథలు పుట్టిన కాలంలో కాన్పులో తల్లి పోవడం, తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకోవడం ఇంటింటా ఉన్నదే. గ్రిమ్ సోదరుల స్నో వైట్ 1812 ప్రతిలో ఆ పాపిష్టి రాణి సవతి తల్లి కూడా కాదు, సొంత తల్లే. తర్వాతి ప్రతుల్లో సవతి తల్లిని చేశారు. కన్నతల్లి అలా చేసిందంటే చదివేవాళ్ళు తట్టుకోలేరనుకున్నారేమో. సవతి తల్లి మీద తోసేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు, మనకీ అలవాటే.

బొమ్మలు గీసేవాళ్ళ కష్టం కూడా ఉంది, దాన్నెవరూ పెద్దగా తలచుకోరు. సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసిన రోజుల్లో కథలోకి ఇంకో మనిషి వస్తే ఆ మనిషి నడక, చీర కుచ్చిళ్ళు, కళ్ళార్పడం అన్నీ వేల బొమ్మలు. పిల్లి ఎలుకను తరిమే ఆ కార్టూన్‌లో ఇంటావిడకి కాళ్ళే ఉంటాయి కానీ మొహం కనపడదు. మా తమ్ముడికి ఆమె అంటే ఇష్టం. ఫోటో మసకబారిన అమ్మకంటే ఆమే నయం, కాళ్ళయినా కనపడతాయి.

అమ్మ నుంచి నెలకొక ఉత్తరం, ఎవరైనా సెలవుకి వస్తే ఒక క్యాసెట్టు వచ్చేవి. క్యాసెట్టు వస్తే ఇల్లంతా పండగ. టేప్ రికార్డర్ ఎవరింట్లో ఉంటే వాళ్ళింటికి జేజి చీర మార్చుకుని మరీ వచ్చేది. అమ్మ గొంతు సన్నగా, ఎవరికో వినపడకూడదన్నట్టు ఉండేది. అందర్నీ పేరుపేరునా అడిగేది. గొడ్డు ఈనిందా, జేజికి మందు తెచ్చినారా, పాప ఎంత ఎత్తయింది. ఒకసారి అలా చెప్తూ చెప్తూ ఉండగా వెనకనుంచి ఎవరో చిన్నపిల్ల "లచ్మీ!" అని గట్టిగా పిలిచింది. టక్కుమని శబ్దం. అమ్మ గొంతు ఆగిపోయింది. తర్వాత మొదలైన మాట ఇంకో రోజుది.

మా ఇంట్లో అమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. నాన్న "ఇదిగో" అనేవాడు, జేజి "ఏమ్మే" అనేది, మిగతా లోకానికి వదిన, అక్క, అత్త. "అంత చిన్నబిడ్డ పేరు పెట్టి పిలుస్తాదా!" అని జేజి నోరు నొక్కుకుంది. నాకు అది తోచలేదు. నాకంటే చిన్నపిల్ల, పిలిస్తే ఆమె వెళ్ళిపోయింది అన్నదొక్కటే తోచింది. ఆ ముక్కను వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. చివరికి టేపు చిక్కుపడి, పెన్సిలుతో చుట్టినా సరిగ్గా రాలేదు.

ఆ రాత్రుళ్ళు జేజి బాలనాగమ్మ కథ చెప్పేది. మాయల ఫకీరు బాలనాగమ్మను ఎత్తుకుపోతే, కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, పూలమ్మే ముసలామె ఇంట్లో చేరి, ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందని కనుక్కుని, దాన్ని పట్టి తెచ్చి తల్లిని విడిపించుకుంటాడు. "కువైట్‌కి ఎన్ని సముద్రాలు జేజీ?" అని అడిగాను. "ఒకటే" అంది జేజి. ఒకటే అయితే పర్లేదనిపించింది.

జేజి దగ్గర ఇంకో కథ ఉంది, అది తెలుగువాళ్ళకి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఏడు చేపలు, అందులో ఒకటి ఎండలేదు. గడ్డిమోపు అడ్డమొచ్చింది, ఆవు మేయలేదు, గొల్లవాడు మేపలేదు, వాళ్ళమ్మ బువ్వ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు అంటే పిల్లాడు ఏడ్చాడు. పిల్లాడెందుకు ఏడ్చాడంటే చీమ కుట్టింది. మేమంతా ఆ చీమ సమాధానం కోసమే కాచుకుని ఉండేవాళ్ళం, వేలితో చక్కిలిగిలి పెడుతుంది కాబట్టి. ఇన్నేళ్ళ తర్వాత మా పాపకు చెప్తుంటే మధ్యలో ఆగిపోయాను. పిల్లాడు ఏడిస్తే తల్లి పొయ్యి దగ్గర్నుంచి లేచిపోయింది. దాంతో గొల్లవాడికి బువ్వ లేదు, ఆవుకి మేత లేదు, రాజుగారి కొడుకు చేప ఎండలేదు. ఇల్లూ ఊరూ రాచకొలువూ అన్నీ ఆగిపోయాయి, ఒక తల్లి లేచి ఒక పిల్లాణ్ణి ఎత్తుకున్నందుకు. తల్లి ఉంటే కథ ముందుకు సాగదని మన జేజెమ్మలకి డిస్నీ కంటే ముందే తెలుసు. కాకపోతే వాళ్ళు తల్లిని చంపలేదు. కథనే ఆపేశారు.

అమ్మ 1996లో వచ్చింది. రైలు స్టేషన్‌కి ఊరంతా వచ్చినట్టే ఉంది. నాలుగు పెట్టెలు, రెండు దుప్పట్లు, పెద్ద పాలపొడి డబ్బాలు, కాగితాల మీద పేర్లు రాసిన మూటలు. తమ్ముడు జేజి వెనక దాక్కుని "ఆంటీ వచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, ఆ నవ్వు చివర్లో ఎటుపోయిందో నేను చూశాను. ఆ రాత్రి ఆమె నా తల మీద చెయ్యి వేయబోతే నేను పక్కకు తప్పుకున్నాను. కావాలని కాదు. అప్పటికి నా జుట్టు నేనే దువ్వుకుంటున్నాను, ఎవరైనా తల వైపు చెయ్యెత్తితే క్రాపుకేనేమో అని ఒక భయం ఉండిపోయింది.

చాలా ఏళ్ళకి కిప్లింగ్ గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. మోగ్లీని పుట్టించిన రుడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. వాళ్ళ నాన్నది ఇక్కడే ఉద్యోగం. పిల్లవాడికి ఆరేళ్ళు నిండకముందే, 1871లో, ఇంగ్లండ్‌లో సౌత్‌సీ అనే ఊళ్ళో డబ్బు తీసుకుని పిల్లల్ని పెంచే ఒక ఇంట్లో, మూడేళ్ళ చెల్లెలితో సహా దింపి తల్లిదండ్రులు తిరిగి ఇండియాకి వచ్చేశారు. పిల్లలకి వెళ్ళొస్తామని చెప్పలేదు. ఆరేళ్ళు. ఆ ఇంట్లో వాడు పడ్డ దెబ్బలకు లెక్క లేదు. 1877లో తల్లి తిరిగొచ్చి, రాత్రి ముద్దు పెట్టడానికి గదిలోకి వస్తే, వాడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కొడుతుందనుకుని. ఇది ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

తల్లిదండ్రులు పైదేశంలో పనికి పోతే మిగిలిపోయిన పిల్లాడు పెద్దయ్యాక రాసిన కథ అది. తోడేళ్ళు పెంచుకోవడం, ఎలుగుబంటి చదువు చెప్పడం, చిరుతపులి కాపు కాయడం, అన్నీ ఆ సౌత్‌సీ ఇంట్లో వాడికి దొరకనివే. మోగ్లీ కన్నతల్లి సంగతి కూడా ఆయన ఎటూ తేల్చలేదు. ఊళ్ళో మెస్సువా అనే ఆమె, పులి ఎత్తుకుపోయిన నా కొడుకు వీడేనేమో అని దగ్గరకు తీసుకుంటుంది. అవునో కాదో చెప్పడు. మస్తాన్‌కి ఫోన్ చేశాను. వాడిప్పుడు దుబాయ్‌లో ఏసీలు బాగుచేస్తాడు, పిల్లలు రాజంపేటలో ఉన్నారు. "నువ్వు అన్నది దాదాపు నిజమే రా" అన్నాను. "ఏం అన్న్యా నేను?" అన్నాడు. వాడికి గుర్తు లేదు.

అమ్మకి చెప్తే మాత్రం గట్టిగా నవ్వింది. "ఆ పిల్లోడు నిజంగానే కువైట్‌లో ఉండాడు మే. నేను రోజూ చూస్తాంటి" అంది.

ఆ మోగ్లీకే అరబిక్ డబ్బింగ్ కూడా ఉంది. అరబ్బు దేశాల్లో పిల్లలకి వాడు మనకంటే దగ్గరివాడు. అమ్మ పనిచేసిన ఇంట్లో పిల్లలు మధ్యాహ్నం బడి నుంచి రాగానే టీవీ ముందు కూర్చునేవారట. వాళ్ళకి అన్నం కలిపి నోట్లో పెడుతూ ఈమె కూడా చూసేది. ఇక్కడ నేను హిందీ రాక మస్తాన్ మాట నమ్ముతూ, అక్కడ అమ్మ అరబిక్ రాక ఆ ఇంటి చిన్నపాప సైగలు నమ్ముతూ. ఒకే పిల్లోడు, ఒకే చడ్డీ. "నీకేమనిపించేది చూస్తాంటే?" అని అడిగాను. ఆమె అనుమానం ఇప్పటికీ ఒకటే, ఏ బొమ్మల కథ చూసినా అదే: "వీనికి వండిపెట్టేది ఎవరు?"

ఛోటా భీమ్ అయినా అంతే. మన హైదరాబాద్‌లోనే తయారై 2008 నుంచి పిల్లల్ని టీవీకి కట్టేసిన ఆ ఢోలక్‌పూర్‌లో, ఏ ఆపద వచ్చినా రాజుగారు కూడా ఆ పిల్లోణ్ణే పిలుస్తాడు. మా అమ్మకి నచ్చేది మాత్రం లడ్డూలు చేసే చుట్కీ వాళ్ళమ్మ. "ఆ ఊర్లో పని చేసేది ఆమె ఒక్కతే" అంటుంది. అదే జపాన్ అల్లరి పిల్లోడు షిన్‌చాన్‌కి అమ్మానాన్నలు నిండుగా ఉంటారు, అందుకే ఆ కథ ఇల్లు దాటదు. కూరగాయల బజారు, నెలాఖరు, మొట్టికాయలు. అమ్మకు అది చూస్తే విసుగు. "ఇంట్లో జరిగేదే కదా, దానికి టీవీ ఎందుకు?"

ఆ కువైట్ ఇంట్లో ఇంకో బొమ్మల కథ కూడా చూసేవాళ్ళని అమ్మ చెప్పింది. లండన్‌లో పెద్ద బడిలో చదివే డబ్బున్న పాప. నాన్న చచ్చిపోయాడని, డబ్బంతా పోయిందని కబురు రాగానే బడి పెద్దావిడ ఆ పాపను పనిమనిషిని చేసి, పైన అటక గదిలో పడేస్తుంది. నేను వెతికి పట్టుకున్నాను. అది కూడా నిప్పాన్ యానిమేషన్ వాళ్ళదే, 1985లో తీశారు. ఆ నాన్న పోయింది ఇండియాలో, వజ్రాల గనిలో డబ్బు పెట్టి. అసలు పేరు సారా, అరబిక్‌లో సాలీ. అమ్మకి సాలీ అనే గుర్తుంది. ఆ పాప మెట్లు తుడిచే భాగం వచ్చినప్పుడల్లా ఇంట్లో పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చేవారట. అమ్మ మెట్లు తుడవడం ఆపి వచ్చి వాళ్ళ ముక్కులు తుడిచేది.

ఇది చెప్తూ ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అప్పుడే ఇంకో మాట కూడా చెప్పింది. అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని "మామా" అని పిలవాలట, అంటే అమ్మా అని. నాలుగేళ్ళపాటు నేనిక్కడ ఎవర్నీ పిలవలేని మాటను ఆమె అక్కడ రోజూ పిలిచింది, తనకంటే చిన్నామెను.

కథల్లో తల్లిని చంపెయ్యడం ఎందుకంత సుళువో నాకు అప్పుడు అర్థమైంది. చావుకి ఒక్క సీను చాలు. వాన, చీకటి, ఒక శబ్దం, పిల్లాడు ఏడుస్తాడు, పొద్దున్నే ఒక స్నేహితుడు దొరుకుతాడు, పాట. బతికే ఉండి, మన ఫీజు కోసమే ఉండి, నెలకొక ఉత్తరం రాస్తూ, ఇంకొకరి పిల్లల ముక్కులు తుడుస్తూ ఉన్న తల్లిని ఏ సీన్లో పెడతారు? అలా పెట్టిన కథ ఉంటుందా అని వెతికితే ఒకటి దొరికింది. మళ్ళీ జపాన్ వాళ్ళే, మళ్ళీ ఆ నిప్పాన్ వాళ్ళే. 1976లో ఇసావో తకహతా తీశాడు, 52 భాగాలు. ఇటలీలో జెనోవా రేవులో మార్కో అనే పిల్లవాడు. నాన్న పేదవాళ్ళకి వైద్యం చేస్తూ అప్పులపాలయ్యాడు. ఇల్లు గడవక తల్లి ఓడెక్కి అర్జెంటీనా పోయింది, ఇంటిపనికి. కొన్నాళ్ళకి ఉత్తరాలు ఆగిపోతాయి. పిల్లవాడు ఆమెను వెతుక్కుంటూ సముద్రం దాటుతాడు. మూలకథ ఇటలీలో 1886లో వచ్చిన ఒక పిల్లల పుస్తకంలోది. ఆ కాలంలో ఇటలీ నుంచి జనం అలాగే పోయారు, మా రాజంపేట నుంచి పోయినట్టు.

తల్లిని చంపని ఆ కథకి 52 భాగాలు పట్టింది.

పోయిన వేసవిలో బెంగళూరులో మా ఇంట్లో అది పెట్టాను. జపనీస్ మాటలు, కింద ఇంగ్లీషు అక్షరాలు. నేను చదివి తెలుగులో చెప్తున్నాను, మస్తాన్‌లాగా. ఒకటి రెండు చోట్ల వాడిలాగే కల్పించాను కూడా. మా పాప సోఫా మీద, అమ్మ కింద చాప మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. మొదటి భాగం చివర్లో ఓడ కదులుతుంది. పిల్లవాడు రేవు వెంట పరిగెత్తుతాడు. ఓడ మీద తల్లి చెయ్యి ఊపుతుంది.

అమ్మ చిక్కుడుకాయ పట్టుకునే ఉండిపోయింది.

"చెప్పి పోయింది ఆమె" అంది కాసేపటికి. "నేను చెప్పల్యా. బొంబాయి రైలు రాత్రి గదా. మీ జేజి లేపొద్దనింది. నీ జడ ఊడిపోయి ఉన్నింది, అల్లి పోదామంటే లేస్తావని అట్లనే వదిలేస్తి."

మా పాప "ఏ జడ?" అని అడిగింది. ఎవరం జవాబు చెప్పలేదు. తెర మీద రెండో భాగం మొదలుపెట్టాలా అని అడుగుతోంది.

"ఆ పిల్లోడు పోయేసరికి ఆమె ఆడ ఉంటుందా?" అంది అమ్మ.

"చూడాలి."

"ఇంకా ఎన్ని ఉండాయి?"

"యాభై ఒకటి."

గిన్నె పక్కకు జరిపి, "పెట్టు" అంది.